చుక్క పడేది ఒకచోట, కారేది ఇంకోచోట: ఒక వాష్‌బేసిన్ కేసు

హైదరాబాద్ నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఫోన్ చేసినాయన రిటైరైన లెక్కల మాస్టారు, సొంతూరు భీమవరం దగ్గర. బాత్రూమ్‌లో పాత గోడ బేసిన్ తీయించి, గ్రానైట్ కౌంటర్ వేయించి, దాని మీద గిన్నెలా ఉండే టేబుల్ టాప్ బేసిన్ పెట్టించారు. పనైన నాలుగో రోజు నుంచే కింద చుక్కలు. బిగించిన ప్లంబర్ రెండుసార్లు వచ్చి ఏదో చేసి వెళ్లాడట, మూడోసారి నుంచి ఫోన్ ఎత్తలేదు. ఈలోగా కింది ఫ్లాట్ బాత్రూమ్ సీలింగ్ మీద పళ్లెమంత మరక తేలింది.

"కారడం సంగతి అలా ఉంచండి, లిఫ్ట్‌లో ఆ కిందావిడ ఎదురైతే తల దించుకోవాల్సి వస్తోందండీ" అన్నారు మాస్టారు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం, మొదటి రోజు నేను కూడా తప్పు చోటే పట్టుకున్నాను. అదీ డబ్బులు తీసుకుని మరీ.

వెళ్లేసరికి ఎలా ఉంది

కౌంటర్ కింద ప్లైవుడ్ అల్మరా. తలుపు తీయగానే తడి చెక్క వాసన. అడుగు పలక అంచులు ఉబ్బి, లామినేట్ లేచిపోయి ఉంది. మధ్యలో ఒక పాత పెయింట్ డబ్బా, అందులో సగం దాకా నీళ్లు. బాటిల్ ట్రాప్‌కి, అంటే బేసిన్ కింద కాస్త నీరు నిలిపి డ్రైనేజీ వాసన ఆపే సీసాలాంటి భాగానికి, అంతకుముందు వచ్చిన ప్లంబర్ చేసిన సేవంతా కనిపిస్తోంది. కింది కప్పు చుట్టూ ఎంసీల్ ముద్ద, పై నట్టు దగ్గర తలపాగా చుట్టినట్టు టెఫ్లాన్ టేపు, గోడ దగ్గర తెల్ల సిమెంటు, వీటన్నిటి మీదా సిలికాన్ పూత. నాకైతే ఇలాంటివి చూస్తే కోపం కంటే జాలే ఎక్కువ. ఎక్కడ కారుతోందో తెలియనివాడే అన్నిచోట్లా పూస్తాడు.

ఈ వరుసలో నీళ్లు తప్పించుకోవడానికి ఆరు చోట్లుంటాయి. కప్లింగ్ అంటే బేసిన్ కంతలోంచి దిగి నీళ్లని కిందికి పంపే మర గొట్టం, దాని పైన పళ్లెంలాంటి అంచు ఉంటుంది. బేసిన్ లోపల ఆ పళ్లెం కూర్చునే చోటు ఒకటి. కింద నుంచి కప్లింగ్‌ని బిగించే చెక్ నట్టు, దాని రబ్బరు పట్టే చోటు రెండోది. కప్లింగ్ తోక బాటిల్ ట్రాప్‌లో దిగే చోటు, ట్రాప్ కింది కప్పు, ట్రాప్ నుంచి గోడకి వెళ్లే అడ్డ పైపు జాయింటు, ఆ పైపు గోడలోని పీవీసీలో దూరే చోటు మిగతావి. బేసిన్ బిగించేటప్పుడు కొత్త ప్లంబర్ల చూపంతా కళ్లకి ఎదురుగా ఉండే ట్రాప్ మీదే ఉంటుంది. మొదటి రెండు చోట్లూ ఒకసారి బేసిన్ కూర్చున్నాక కనపడవు, చెయ్యి కూడా సరిగ్గా దూరదు.

మొదటి రోజు చేసిన పరీక్ష, చేసిన పొరపాటు

పాత పూతలన్నీ గీకేశాను. అంతా పొడి గుడ్డతో తుడిచి, బేసిన్ మూత నొక్కి, అంచుకు రెండు వేళ్ల కింది దాకా నీళ్లు నింపాను. ఇరవై నిమిషాలు ఆగాం, ఒక్క చుక్క లేదు. అంటే పైన పళ్లెం కింద సీలు బాగానే ఉంది. ఇప్పుడు మూత ఎత్తాను. నీళ్లు గుడగుడమంటూ దిగడం మొదలైన పది సెకన్లకి బాటిల్ ట్రాప్ కప్పు అడుగున ఒక చుక్క తయారై, వేలాడి, పడింది. వెంటనే ఇంకోటి.

నిలబెట్టిన నీళ్లు కారకుండా, వదిలిన నీళ్లు కారితే తప్పు ట్రాప్‌దే. మేమందరం పని నేర్చుకున్నప్పటి నుంచీ వింటున్న మాట ఇది, నూటికి తొంభైసార్లు నిజం కూడా. పాత ట్రాప్ కప్పు మర కూడా కాస్త తిన్నట్టుంది. ఇంకేం కావాలి? కొత్త ఇత్తడి బాటిల్ ట్రాప్ తెప్పించాను. కోను ఆకారం రబ్బరు సన్నటి వైపు ట్రాప్ శరీరంలోకి ఉండేలా కూర్చోబెట్టి, చేత్తో బిగించి, రెంచితో ఒక పావు తిప్పు తిప్పాను. ఈ రకం జాయింటులో నీటిని ఆపేది రబ్బరే. మర మీద ఎంత టేపు చుట్టినా దండగ. రెండు మగ్గుల నీళ్లు పోసి చూశాను, పొడిగానే ఉంది. ట్రాప్ ఖర్చు, నా కూలీ కలిపి పద్నాలుగు వందలు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకి ఫోన్. "బాబూ, నువ్వు కూడానా" అన్నారు మాస్టారు. అంతే అన్నారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

నా తప్పు ట్రాప్ మార్చడం కాదు. ఏ నీళ్లతో కారిందో ఆ నీళ్లతోనే మళ్లీ పరీక్షించకపోవడం. నిండు బేసిన్ వదిలితే కారింది, నేను మాత్రం రెండు మగ్గులు పోసి సరిపెట్టుకున్నాను.

మాస్టారి క్యాలెండర్

రెండో రోజు వెళ్లేసరికి ఆయన క్యాలెండర్ వెనక కాగితం మీద పెన్సిల్‌తో పట్టిక గీసి ఉంచారు. ఎవరు, ఏం పని, ట్యాప్ ఎంత తిప్పారు, డబ్బాలో ఎన్ని చుక్కలు. చేతులు కడుక్కుంటే సున్నా. పళ్లు తోముకుంటే సున్నా. వాళ్లావిడ ట్యాప్ పూర్తిగా తిప్పి ముఖం కడుక్కుంటే ఐదారు. మాస్టారు గడ్డం గీసుకుంటే లెక్కకి అందలేదు. ఎందుకంటే ఆయన మూత వేసి, బేసిన్ నింపుకుని, అందులో రేజర్ ఆడించి, చివర్లో ఒక్కసారి వదులుతారు.

నేను పద్దెనిమిదేళ్లలో ఏ కస్టమర్ దగ్గరా ఇంత పనికొచ్చే కాగితం చూడలేదు. కొంచెం నీళ్లు పోతే కారదు, ఎక్కువ నీళ్లు ఒక్కసారి పోతేనే కారుతుంది. అంటే లోపల నీటి మట్టం ఒక ఎత్తు దాటాకే దానికి దారి దొరుకుతోంది. ఆ ఎత్తు ఎక్కడ?

ఈసారి తొందరపడలేదు. ఒక్కో జాయింటుకి టిష్యూ పేపర్ పట్టీ చుట్టాను. బేసిన్ నీళ్లలో బట్టలకి వేసే నీలం నాలుగు చుక్కలు కలిపాను. ఫోన్‌లో టార్చి వేసి, వీడియో ఆన్ చేసి, అల్మరా అడుగున వెల్లకిలా పెట్టి, తడవకుండా పైన పారదర్శకం డబ్బా మూత కప్పాను. మూత ఎత్తి బేసిన్ ఖాళీ చేశాను.

తర్వాత ఆ వీడియోని నెమ్మదిగా తిప్పి చూస్తే మొత్తం కథ అందులోనే ఉంది. కొత్త ట్రాప్ జాయింట్లు ఏవీ మొదట తడవలేదు. గ్రానైట్‌కి కోసిన రంధ్రం అంచు నుంచి, చెక్ నట్టు రబ్బరు పక్కగా, సన్నటి నీలం గీత ఒకటి జారింది. నట్టు మీదుగా దిగి, ట్రాప్ శరీరాన్ని అంటిపెట్టుకుని, కప్పు గుండ్రం చుట్టూ తిరిగి, అడుగున చుక్కై పడింది. క్రోమ్ పూత మెరుపు మీద రంగులేని నీళ్లు కళ్లకి ఆనవు. అందుకే మొదటి రోజు నాకూ, అంతకుముందు వచ్చిన ప్లంబర్‌కీ చుక్క రాలే చోటే కారే చోటుగా అనిపించింది.

ఇంకో పరీక్ష కూడా చేశాను. ట్రాప్ విప్పేసి, కప్లింగ్ కింద నేరుగా బకెట్ పెట్టి, మళ్లీ నిండు బేసిన్ వదిలాను. దాదాపు ఏమీ కారలేదు! మా కుర్రాడు వెంటనే "చూశావా అన్నా, ట్రాప్ తీస్తే ఆగింది, అంటే ట్రాపే" అన్నాడు. వాడి లెక్క తప్పు, కానీ చూపించిన వైపు సరైనదే. ట్రాప్ తర్వాత ఎక్కడో దారి ఇరుకైంది. కింద దారి ఇరుకైతే నీళ్లు పైన కప్లింగ్‌లో నిలబడతాయి. నిలబడ్డ నీళ్లకి కప్లింగ్ గోడలో ఏదో రంధ్రం దొరుకుతోంది.

హాఫ్ థ్రెడ్, ఫుల్ థ్రెడ్

బేసిన్ ఎత్తక తప్పలేదు. పాదం చుట్టూ ఉన్న తెల్ల సిమెంటు కొంత ముక్కలుగా లేచింది, మిగిలినదాన్ని పలచటి బ్లేడుతో కోశాం. పక్కకి వాల్చగానే గిన్నె పాదం కింద, గ్రానైట్ మీద, చెంచాడు నీలం నీళ్లు.

కప్లింగ్ బయటకి తీస్తే, అనుకున్నదే. అది హాఫ్ థ్రెడ్ కప్లింగ్.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బేసిన్లు రెండు రకాలు. కొన్నిటికి అంచుకి కొద్దిగా కింద చిన్న రంధ్రం ఉంటుంది. నీళ్లు నిండిపోతే అది పీల్చుకుని, పింగాణీ లోపలి దారిగుండా కిందికి పంపుతుంది. అదే ఓవర్‌ఫ్లో. ఆ నీళ్లు మళ్లీ కప్లింగ్‌లోకి రావాలంటే కప్లింగ్ పక్కగోడకి కిటికీ ఉండాలి. అందుకే దానికి పై సగంలో కోతలుంటాయి, మర కింది సగంలోనే ఉంటుంది. అది హాఫ్ థ్రెడ్. ఓవర్‌ఫ్లో లేని బేసిన్‌కి ఆ కిటికీతో పని లేదు. దానికి పళ్లెం కింద నుంచి చివరి దాకా మర ఉండి, పక్కగోడ మూసి ఉన్న ఫుల్ థ్రెడ్ వాడాలి. టేబుల్ టాప్ బేసిన్లలో చాలావాటికి ఓవర్‌ఫ్లో ఉండదు. దీనికీ లేదు.

ఓవర్‌ఫ్లో లేని బేసిన్‌కి హాఫ్ థ్రెడ్ పెడితే లోపలి నీళ్లే ఆ కిటికీలోంచి బయటికి వస్తాయి. కప్లింగ్‌కీ పింగాణీకీ మధ్య సందులోకి చేరతాయి. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. గ్రానైట్‌కి వేసిన రంధ్రం కప్లింగ్ పట్టేంత మాత్రమే, అందుకని చెక్ నట్టు పింగాణీని కాకుండా గ్రానైట్ అడుగుని పట్టుకుంది. పింగాణీకీ గ్రానైట్‌కీ మధ్య ఏ సీలూ లేదు. కిటికీలోంచి వచ్చిన నీళ్లు గిన్నె పాదం కింద చేరి, అక్కడి నుంచి రంధ్రంలోకి జారి, గ్రానైట్ అడుగు గరుకుగా ఉండటంతో రబ్బరు పక్క నుంచి బయటపడ్డాయి. మూత వేసి నింపితే కారకపోవడం కూడా దీనివల్లే. మూత కిటికీకి పైన ఉంటుంది. మూసినంతసేపూ నీళ్లు కిటికీ దాకా రానే రావు.

"ఈ కప్లింగ్ ఎవరు తెచ్చారు మాస్టారూ?" అని అడిగాను.

ఆయన కాసేపు గ్రానైట్ వైపు చూసి, "పాత బేసిన్‌దే బాబూ. రెండేళ్ల క్రితం కొన్నది, తళతళలాడుతోంది కదా, మళ్లీ కొనడం ఎందుకని నేనే ఇచ్చాను" అన్నారు. లోపలి నుంచి వాళ్లావిడ నవ్వు వినిపించింది.

గోడలో దాగిన రెండో తప్పు

కప్లింగ్ సంగతి తేలింది. మరి ఇరుకెక్కడ? అడ్డ పైపుని గోడలోంచి లాగితే చివర క్రోమ్ గీసుకుపోయి ఉంది, వెంట్రుకల ముద్ద ఒకటి పట్టుకుని వచ్చింది. సన్నటి పుల్ల దూర్చి కొలిచాను. టైల్ ముఖం నుంచి గోడలోని ఎల్బో (పైపు మలుపు ముక్క) వెనక గోడ దాకా 62 మిల్లీమీటర్లు. పైపు లోపలికి పోయింది 60. బాటిల్ ట్రాప్‌తో వచ్చే పైపుని కోసి సరిచేయకుండా, ఉన్న పొడవంతా లోపలికి నెట్టేశారు. నీళ్లు వెళ్లడానికి మిగిలింది రెండు మిల్లీమీటర్ల సందు, దానికి వెంట్రుకల జల్లెడ. బేసిన్ నీళ్లన్నీ ఆ సందు దగ్గర క్యూ కడితే, వెనక ఉన్నవి కప్లింగ్ కిటికీ ఎక్కాయి.

ఈ రెండు తప్పుల్లో ఏ ఒక్కటే ఉన్నా మాస్టారికి బహుశా తెలిసేది కాదు. దారి ఇరుకుగా ఉండి కప్లింగ్ సరైనదైతే, నీళ్లు మెల్లగా దిగేవి, అంతే. కప్లింగ్ తప్పైనా దారి ఖాళీగా ఉంటే, వారానికి నాలుగు చుక్కలు గిన్నె కిందే ఆరిపోయేవి. మొదటి రోజు నేను ట్రాప్ మార్చినప్పుడు ఈ పైపునే తిరిగి అదే లోతుకి దూర్చాను. గోడలో ఎంత దూరింది అని చూడాలని కూడా తోచలేదు.

బాగు చేసిన తీరు

ముందు గ్రానైట్ రంధ్రం. నట్టు, రబ్బరు నేరుగా పింగాణీ అడుగుని పట్టాలని నా పట్టుదల. కొందరు మేస్త్రీలు పొడుగు కప్లింగ్ వేసి గ్రానైట్ కింద నుంచే బిగిస్తారు. అది తప్పనను, కానీ రేపు కారితే ఎక్కడ కారుతోందో కనపడదు. నట్టు పట్టేలా రంధ్రాన్ని 75 మిల్లీమీటర్లకి పెంచాం. ఉన్న రంధ్రాన్ని పెద్దది చేసేటప్పుడు, రాయిని గుండ్రంగా కోసే కోర్ బిట్‌కి మధ్యలో ఆధారం ఉండదు, జారి రాయంతా గీతలు పడుతుంది. అందుకని ప్లైవుడ్ ముక్కకి అదే సైజు రంధ్రం కోసి, కౌంటర్ మీద క్లాంపుతో బిగించి, అందులోంచి బిట్ దింపాం. కుర్రాడు మగ్గుతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

కొత్త ఫుల్ థ్రెడ్ కప్లింగ్, 32 మిల్లీమీటర్లది, ఆరు వందల యాభై పడింది. షాపులో ఊరికే "బేసిన్ కప్లింగ్ ఇవ్వండి" అంటే చేతికందింది ఇస్తారు. ఓవర్‌ఫ్లో ఉందా లేదా చెప్పి అడగాలి.

బేసిన్‌ని హాల్లో దుప్పటి మీద బోర్లించాం. పళ్లెం కింద పలచగా సిలికాన్ తీగ. తెల్ల సిమెంటు నేను వాడను. అది గట్టిపడ్డాక కదలదు, వేడినీళ్లకీ చన్నీళ్లకీ ఇత్తడి సాగి ముడుచుకుంటుంటే వెంట్రుకంత బీట పడుతుంది. సిలికాన్‌లో కూడా వెనిగర్ వాసన కొట్టే రకం కాకుండా న్యూట్రల్ రకం తీసుకున్నాను. ఆ వాసన రకం ఇత్తడిని తింటుంది, పాలరాయి మీదైతే మరక కూడా చేస్తుంది. రబ్బరు కూర్చునే చోట మర మీద టెఫ్లాన్ ఐదు చుట్లు. ఇక్కడ మాత్రం టేపుకి పనుంది, మర గాడి వెంట మెలికలు తిరుగుతూ వచ్చే నీటికి అడ్డం పడుతుంది. రబ్బరు, దాని మీద పలచటి ప్లాస్టిక్ వాషర్, ఆ తర్వాత నట్టు. ఆ ప్లాస్టిక్ లేకుండా బిగిస్తే నట్టుతో పాటు రబ్బరు కూడా మెలి తిరిగి ఒక పక్కకి జరుగుతుంది. నేను నట్టు బిగిస్తుంటే కుర్రాడు లోపల వైపు కప్లింగ్ తిరగకుండా పట్టుకున్నాడు. పింగాణీ మీద బలం చూపిస్తే టప్పుమని పగులుతుంది, కాబట్టి నట్టు గట్టిపడ్డాక ఇంకో పావు తిప్పు, అంతే.

కౌంటర్ మీద పెట్టక ముందే పరీక్ష. రెండు స్టూళ్ల మధ్య బేసిన్ నిలబెట్టి, కప్లింగ్ కింది నోటికి రబ్బరు బిరడా కొట్టి, మూత తెరిచే ఉంచి, నిండా నీళ్లు పోశాం. ఇప్పుడు కప్లింగ్ లోపలంతా నీళ్లు నిలబడ్డట్టే. అరగంట. కింద పరిచిన న్యూస్‌పేపర్ మీద తడి మచ్చ లేదు. ఈ పరీక్షకి పది రూపాయల బిరడా చాలు. అంతకుముందు నేను ఎప్పుడూ చేయలేదు, ఇప్పుడు ప్రతి టేబుల్ టాప్ బేసిన్‌కీ చేస్తున్నాను.

అడ్డ పైపుని 32 మిల్లీమీటర్లు కోశాను. ఇప్పుడది గోడలో 28 దాకా మాత్రమే దూరుతుంది, ఎల్బో ముందు ఖాళీ బోలెడంత. గోడలో 40 మిల్లీమీటర్ల పీవీసీ ఉంది, పైపు 32. ఆ తేడాలో రబ్బరు రింగు కూర్చోబెట్టాను, తెల్ల సిమెంటు జోలికి పోలేదు. బేసిన్ పాదం చుట్టూ సిలికాన్ పెట్టేటప్పుడు వెనక వైపు వేలెడు జాగా వదిలేశాను. మొత్తం మూసేస్తే ఎప్పుడైనా లోపల తడి చేరినా తెలియదు.

"ఇరవై నాలుగు గంటలు ముట్టుకోవద్దు మాస్టారూ" అన్నాను. మర్నాడు ఆయన వంటింటి సింక్ దగ్గర గడ్డం గీసుకున్నారట. దాని మీద ఇంట్లో జరిగిన యుద్ధం గురించి నాకు తర్వాత చెప్పారు.

బిగించిన రెండో రోజు నిండు బేసిన్ వదిలి, ఆయనే చేతి గడియారం పట్టుకుని చూశారు. అంతకుముందు ఖాళీ కావడానికి 48 సెకన్లు పట్టేదని ఆయన పట్టికలో ఉంది. ఇప్పుడు 14. టిష్యూ పట్టీలన్నీ పొడిగా ఉన్నాయి. మొదటి రోజు తీసుకున్న నా కూలీని బిల్లులో తగ్గించాను, కొత్త ట్రాప్ ఖర్చు మాత్రం ఉంచాను. ఆయన వద్దన్నా నేను వినలేదు.

కింది ఇంటి మరక

అసలు టెన్షన్ ఇది. చాలా అపార్ట్‌మెంట్ బాత్రూమ్‌లలో శ్లాబు కిందికి దింపి, పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, దాని మీద టైల్స్ వేస్తారు. టైల్ సందుల్లోంచి దిగిన నీళ్లు ఆ ఇటుకల్లో దాక్కుంటాయి. పైన కారడం ఆగాక కూడా కింద కొన్నాళ్లు చెమ్మ వస్తూనే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పకపోతే పని చేసినవాడు దొంగైపోతాడు.

అందుకే కిందావిడ దగ్గరికి నేనే వెళ్లాను. స్టూల్ ఎక్కి, మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేశాను. "అమ్మా, వారం పది రోజులు ఈ గీత కాస్త దాటొచ్చు. భయపడకండి. ఆ తర్వాత కూడా పెరుగుతుంటే నాకు ఫోన్ చేయండి, డబ్బులడగను" అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. ఆరో రోజు ఫోన్ చేశారు, మరక అంగుళం పెరిగిందని. వెళ్లి రెండో గీత గీశాను, మళ్లీ తేదీ వేశాను. పైకెళ్లి అల్మరా కూడా తెరిచి చూశాను, డబ్బాలో దుమ్ము తప్ప ఏమీ లేదు. అయినా ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇరవై మూడో రోజు మాస్టారి నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. కిందావిడ అనుమతి తీసుకుని ఆయనే స్టూల్ ఎక్కారట. సీలింగ్ మీద నా రెండు గీతలూ, వాటి తేదీలూ ఉన్నాయి. మరక రంగు వెలిసి, అంచులు ఎండి పొలుసులుగా లేచాయి. ఆ రోజు తేదీ వేసి ఆయన గీసిన మూడో గీత, నా రెండో గీత మీదే పడింది. ఫొటో కింద ఒక్క మాట రాశారు: "తేడా సున్నా."